ఎక్కువైన నాణెం

గుడ్డ తీసి చూసేసరికి పళ్ళెంలో రెండు నాణేలు ఉన్నాయి.

భోజనానికి లేవకముందు ఒక్కటే ఉంది. ఆ సంగతి ఆమెకు తన పేరు తెలిసినంత బాగా తెలుసు. గాజుపెట్టె తాళం తీసింది తనే. చేతికి తొడుగులు వేసుకుని నాణెం బయటికి తీసింది తనే. నీలం మఖమలు పరిచిన పళ్ళెంలో పెట్టి, దుమ్ము పడకుండా తెల్లగుడ్డ కప్పింది కూడా తనే. ఆ తర్వాత అదే గదిలో, అటు మూల బల్ల దగ్గర కూర్చుని, మామయ్య తెచ్చిన క్యారేజీ విప్పుకుని ఇద్దరూ తిన్నారు. మధ్యలో ఒక్కసారి చేతులు కడుక్కోవడానికి బయటికి వెళ్ళొచ్చింది. తినగానే మామయ్య రిహార్సలుకి వేళయిందంటూ వెళ్ళిపోయాడు. అంతే జరిగింది.

ఆమె మళ్ళీ గుడ్డ కప్పింది. పది అంకెలు లెక్కపెట్టింది. మళ్ళీ తీసింది.

రెండే.

టంకశాలలో మ్యూజియం అంటే ఒక పొడుగాటి గది, పదకొండు గాజుపెట్టెలు. కాపలా, తుడవడం, చీటీలు రాయడం, బడిపిల్లలు వస్తే అరవకుండా చూడడం, అన్నిటికీ ఆమె ఒక్కతే. అందుకే టంకశాల మొత్తం ఆమెను 'పెట్టెలమ్మ' అని పిలిచేది. పదకొండు పెట్టెల్లోనూ ఆరోదే ముఖ్యం. దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన మూడో వారంలో, సొంత డబ్బు ఎలా ఉంటుందో చూసుకుందామని ప్రెస్సు మీద కొట్టిన ప్రయోగ నాణెం అందులో ఉంటుంది. కింద ఇత్తడి పలక మీద 'మన మొదటి నాణెం, ప్రయోగ ముద్ర, లోకంలో ఒక్కటే' అని చెక్కి ఉంది.

శుక్రవారానికి దానికి ఏభై ఏళ్ళు. దేశాధ్యక్షుడు స్వయంగా వస్తున్నాడు. ఆయన చేతిలో ఆ నాణెం పెట్టేది ఆ రోజు ప్రెస్సుకి అచ్చులు బిగించినవాడు, అప్పటివాళ్ళలో ఇంకా బతికున్న ఒకే ఒక్క మనిషి. ఆయన ఎవరో కాదు, ఇందాక క్యారేజీ తెచ్చిన ఆమె మామగారే.

నాణెం పోయి ఉంటే ఏం చెయ్యాలో ఆమెకు తెలుసు. గోడకున్న గంట నొక్కాలి, తలుపు మూయాలి, కదలకుండా నిలబడాలి. కానీ ఎక్కువైతే? ఎక్కువైతే ఏ గంట నొక్కాలి?

బయటివాళ్ళకి వింతగా ఉంటుంది గానీ, టంకశాలలో తక్కువ కంటే ఎక్కువే పెద్ద నేరం. తక్కువైతే ఏ మూలనో దొర్లిందేమో అని చీపురు పట్టుకుని వెతుకుతారు. ఎక్కువైతే మాత్రం ఎవడో దొంగ సరుకు తెచ్చి మంచిదాంట్లో కలిపాడనే లెక్క. అందుకే రోజూ ఐదింటికి తూకం అక్క చక్రాల బండి మీద తూకం మిషను తోసుకుంటూ గదిగదికీ వస్తుంది. పొద్దుటి బరువూ సాయంత్రపు బరువూ ఒకటైతేనే గేటు తెరుచుకుంటుంది. ఎక్కువ తేలిన గదిలో పనిచేసే మనిషి ఆ రోజే ఇంటికి. రెండో మాట లేదు.

మూడేళ్ళుగా ఆమెది తాత్కాలికపు ఉద్యోగం. పర్మనెంటు చేసే కాగితం సూపరింటెండెంట్ బల్ల మీద సంతకం కోసం పడి ఉంది.

గడియారం ఒకటీ నలభై చూపిస్తోంది. ఐదు లోపల రెండూ ఒకటి కావాలి.

సరే, అసలుదేదో నకిలీదేదో తేల్చుకుంటే సగం గండం గడిచినట్టే అనుకుంది. తూకం వేసింది. ఐదు గ్రాముల నలభై ఒకటి. రెండోది కూడా ఐదు గ్రాముల నలభై ఒకటే. కొలత కూడా వెంట్రుకవాసి తేడా లేదు. భూతద్దం పెట్టి చూసింది. ముందువైపు గింజల కంకి. రెండిటి మీదా గింజలు పదిహేడే. పక్క అంచు గీతలు కూడా అవే.

వెనకవైపు చూద్దామని తిప్పింది. అప్పుడు తట్టింది ఆమెకు ఒక సిగ్గుపడాల్సిన సంగతి. మూడేళ్ళ నుంచి ఆ నాణేన్ని కంటికి రెప్పలా కాస్తోంది గానీ, దాని వెనకవైపు ఎప్పుడూ చూడలేదు. మఖమల్లో గుంట చేసి బిగించిన నాణెం అది. కంకి ఒక్కటే పైకి కనిపించేది. మ్యూజియం పుస్తకంలో రెండు వైపుల బొమ్మలూ ఉన్నాయి, కానీ విడివిడిగా తీసి పక్కపక్కన అతికించినవి.

మొదటి నాణేన్ని కంకి నిటారుగా ఉండేలా పట్టుకుని తిప్పింది. వెనక తెరచాప ఎత్తిన పడవ, నిటారుగా ఉంది. రెండోదాన్నీ అలాగే పట్టుకుని తిప్పింది. తెరచాప కిందికి వేలాడుతోంది. పడవ బోర్లాపడింది!

ఇంకేముంది, దొరికిపోయాడు దొంగ! నకిలీ చేసినవాడు అచ్చు తిరగేసి బిగించాడన్నమాట.

సరిగ్గా అప్పుడే సూపరింటెండెంట్ లోపలికి వచ్చాడు. ఆయన నడిచేటప్పుడు కూడా నిబంధనల పుస్తకం చంకలో ఉన్నట్టే నడుస్తాడు.

"ఏమ్మా, నాణెం తయారేనా? శుక్రవారానికి..." అంటూ పళ్ళెం వైపు చూసి ఆగిపోయాడు. "ఇదేంటి?"

"రెండు సార్."

"రెండని నాకూ కనిపిస్తోంది. ఎందుకు రెండు?"

"అదే అర్థం కావట్లేదు సార్. భోంచేసి వచ్చి చూస్తే ఇలా ఉంది."

"భోంచేసి వచ్చేసరికి నాణేలు పిల్లలు పెడతాయా?"

"కానీ నకిలీ ఏదో కనిపెట్టేశాను సార్," అందామె గబగబా. "ఇదిగో, ఈ కుడివైపుది. పడవ తిరగబడింది చూడండి."

సూపరింటెండెంట్ దాన్ని అందుకున్నాడు. తిప్పాడు. కళ్ళజోడు సవరించుకున్నాడు. "శుభ్రంగా ఉందిగా పడవ! తిరగబడిందంటావేంటి?"

"అయ్యో, ఇదేనండీ..." ఆమె లాక్కుని తిప్పింది. బోర్లాపడిన పడవ. "చూడండి!"

ఆయన తీసుకున్నాడు. తిప్పాడు. నిటారు పడవ. "నువ్వు చూడు!"

"ఐతే అదేనేమో సార్." ఎడమది ఇచ్చింది.

ఆయన తిప్పాడు. "ఆఁ. ఇదే తిరగబడింది. చూశావా? నకిలీ ఇదే."

ఆమె తిప్పింది. నిటారుగా ఉంది. కళ్ళముందు ఇంద్రజాలం జరుగుతున్నట్టుంది. ఒకే నాణెం ఆయన చేతిలో మునుగుతోంది, తన చేతిలో తేలుతోంది.

"మీరు మార్చేస్తున్నారు సార్."

"నేనా? నేను మార్చేది ఏముందిక్కడ? నువ్వే గాభరాలో కలిపేస్తున్నావ్!"

రెండూ పళ్ళెంలో పెట్టించి, ఎడమదాని కింద ఒక చీటీ, కుడిదాని కింద ఒక చీటీ పెట్టి మళ్ళీ మొదలుపెట్టారు. ఎడమ మునిగిందని ఆయన, కుడి మునిగిందని ఆమె. మూడుసార్లు చూసినా ఇదే తంతు.

"ప్రెస్సు నుంచి ఇవాళ్టి నాణెం ఒకటి తెప్పిస్తాను," అన్నాడు చివరికి. "చిన్న నాణెం మీద ఇప్పటికీ ఇదే బొమ్మ కదా. దాంతో పోల్చితే తేలిపోతుంది."

టంకశాల లోపల ఎవరి జేబులోనూ పైసా ఉండకూడదు. అందుకని చీటీ రాసి, సంతకం పెట్టి, ప్రెస్సు హాలు నుంచి వేడి ఆరని కొత్త నాణెం ఒకటి తెప్పించడానికి పావుగంట పట్టింది. ఆయన దాన్ని తిప్పి చూసి తృప్తిగా తలాడించాడు. "ఇదిగో. నిటారుగా ఉంది. నీ కుడివైపుదాని లాగే. కాబట్టి కుడిదే అసలు."

ఆమె ఆ కొత్త నాణెం తీసుకుని తిప్పింది. పడవ బోర్లాపడి ఉంది.

అంటే దేశంలో ఉన్న ప్రతి చిన్న నాణెం మీదా పడవ తలకిందులుగానే ఉందా? ఏభై ఏళ్ళుగా? ఒక్కరూ చూడలేదా? అవతలి హాల్లో రోజుకి మూడు లక్షల పడవలు ముంచుతున్నారా?

"సార్, మామయ్యని పిలిపించండి," అంది నీరసంగా. "ఆ రోజు అచ్చులు బిగించింది ఆయనే. ఆయనకి తెలుస్తుంది."

ఆ మాట అనేశాకే గుర్తొచ్చింది. ఆమె చేతులు కడుక్కోవడానికి వెళ్ళినప్పుడు గదిలో ఉన్నది ఆయన ఒక్కడే. ఛ! టంకశాలలో నలభై ఏళ్ళు పనిచేసి, మేకు ముక్క కూడా ఇంటికి తేని మనిషి. చెప్పులు అరిగితే ఆ మేకులు కూడా గేటు దగ్గర చూపించి వచ్చేవాడని అత్తయ్య ఎన్నిసార్లు వెక్కిరించిందో.

మామయ్య కొత్త చొక్కాలో వచ్చాడు. శుక్రవారం కోసం కొన్నది, రిహార్సలుకే వేసేసుకున్నాడు. పళ్ళెం వైపు చూశాడు. తర్వాత కోడలి మొహం వైపు. తర్వాత నేల వైపు.

"పెద్దాయనా," అన్నాడు సూపరింటెండెంట్, "ఈ రెండిట్లో మన నాణెం ఏది?"

"రెండూ మనవే బాబూ."

"రెండు ఎలా మనవవుతాయండీ? రిజిస్టరులో ఒక్కటే ఉంది."

మామయ్య కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "రెండోది నేనే తెచ్చాను," అన్నాడు. "ఏభై ఏళ్ళ నుంచి మా ఇంట్లోనే ఉంది."

ఆమెకు క్యారేజీ గిన్నెలు గుర్తొచ్చాయి. గేటు దగ్గర బయటికి పోయే గిన్నెలనే తూస్తారు. లోపలికి వచ్చేదాన్ని ఎవరూ పట్టించుకోరు.

"ఎందుకు మామయ్యా?" అంది.

"ఆ రోజు పొద్దున," అన్నాడాయన, "కొత్త అచ్చులు బిగించి మొదటి దెబ్బ కొట్టాం. నాణెం పడింది. తీసి చూశాను, అద్భుతంగా ఉంది. పైన కంకి, వెనక పడవ, రెండూ నిటారు. తీసుకెళ్ళి ఆఫీసరు చేతిలో పెట్టాను. ఆయన ఇలా చూశాడు, అలా చూశాడు, ఎగిరిపడ్డాడు. 'దేశం పుట్టీ పుట్టగానే పడవ ముంచేశావేంట్రా!' అని అందరిముందూ తిట్టాడు. అదీ, 'రా' అని. నాకు ఇరవై మూడేళ్ళు. పెళ్ళయి నెల. పై అచ్చు సగం చుట్టు తిప్పి బిగించి, రెండోది కొట్టాను. దాన్ని చూసి ఆయన, 'ఇప్పుడు బాగుంది' అన్నాడు. నేను చూస్తే అది మునిగిపోయి ఉంది! ఆయన బాగుందంటాడు, నా కళ్ళకి మునిగి ఉంది. ఏం మాట్లాడను? 'మొదటిది కరిగించెయ్' అన్నాడు. మనసొప్పలేదు బాబూ. సరిగ్గా ఉన్నదాన్ని ఎందుకు కరిగించాలి? అప్పటికి గేటూ లేదు, తూకమూ లేదు, తాడు ఒకటి కట్టి ఉండేది. జేబులో వేసుకుని తాడు దాటేశాను."

"ఇవాళ మళ్ళీ ఎందుకు తెచ్చారు?" అడిగాడు సూపరింటెండెంట్.

"నిన్న రిహార్సల్లో చెప్పారుగా, అధ్యక్షుడి చేతిలో నాణెం నేనే పెట్టాలని. అంతమందిలో ఆయన తిప్పి చూస్తే పడవ మునిగి ఉంటే? నా చేత్తో ఇచ్చిందాంట్లో? అందుకని మంచిది పెట్టేసి, ఆ మునిగినదాన్ని తీసేద్దామనుకున్నా. తీరా తీశాక బయటికి పట్టుకెళ్ళే దారి లేదని తట్టింది. గేటు దగ్గర తూకం ఉంది కదా. రెండూ అక్కడే పెట్టి గుడ్డ కప్పేశాను."

"కప్పేసి వచ్చి, కూర ఇంకొంచెం వెయ్యమన్నారా?" అంది కోడలు.

"ఆకలేసింది తల్లీ."

సూపరింటెండెంట్ చేత్తో మొహం తుడుచుకున్నాడు. "అసలు మునిగింది ఏది? ముందది చెప్పండి. నాకు పిచ్చెక్కేలా ఉంది."

మామయ్య ఎడమవైపు నాణెం తీసుకుని, కంకిని పైకి పట్టుకుని తిప్పాడు. "ఇదిగో, నిటారు. ఇదే నాది."

ఆ చేతిని ఆమె అప్పుడు చూసింది. నాణెం పై అంచు పట్టుకుని, గోడమీది క్యాలెండర్ కాగితం పైకి ఎత్తినట్టు, పైనుంచి కిందికి తిప్పాడు. తనూ అలాగే తిప్పుతుంది.

"సార్, మీరోసారి తిప్పండి. మెల్లగా."

సూపరింటెండెంట్ పక్క అంచు పట్టుకుని, పుస్తకంలో పేజీ తిరగేసినట్టు తిప్పాడు. పడవ బోర్లాపడింది.

ముగ్గురూ ఒకరి చేతిలోంచి ఒకరు లాక్కుంటూ, పక్కకీ పైకీ తిప్పుతూ, చిన్నపిల్లల్లా ఆడారు. పైకి తిప్పితే తేలేది పక్కకి తిప్పితే మునుగుతోంది. పక్కకి తిప్పితే తేలేది పైకి తిప్పితే మునుగుతోంది. తప్పు నాణెంలో లేదు. తిప్పే చేతిలో ఉంది.

"ఐతే ఆ ఆఫీసరు..." మామయ్య ఆగిపోయాడు. "పక్కకి తిప్పాడా?"

"అంతే అయుంటుంది మామయ్యా."

ఆయన మొహంలో ఏం కదిలిందో చెప్పడం కష్టం. గట్టిగా పట్టుకున్న తాడు అవతలివైపు ఎవరూ లేరని తెలిసిన మనిషిలా చేతులు వదిలేసి కూర్చున్నాడు.

సూపరింటెండెంట్ లేచి వెళ్ళి పాత ఫైలు పట్టుకొచ్చాడు. గడియారం మూడూ ఏభై. పసుపుపచ్చగా మారిన కాగితం మీద ఆ ఆఫీసరు ఆర్డరు ఉంది: 'కొట్టిన రెండు ప్రయోగ ముద్రలలో పడవ తిరగబడిన దానిని కరిగించి, సరిగా ఉన్న దానిని భద్రపరచవలెను.' కింద 'కరిగించిన తేదీ' అన్న గడి ఖాళీగా ఉంది.

"రెండు కొట్టినట్టు కాగితం ఉంది. కాబట్టి ఏదీ నకిలీ కాదు," అన్నాడు. "ఆర్డరు మాత్రం అమలు కాలేదు. ఇప్పుడు అమలు చేద్దాం. రెండు ఒకటవుతుంది, తూకం సరిపోతుంది, తేదీ గడిలో ఇవాళ్టి తేదీ వేస్తాను. ఏభై ఏళ్ళు ఆలస్యం. ఆఫీసు పనుల్లో ఆలస్యమంటే ఎవరికీ ఆశ్చర్యం ఉండదు."

"దాచినవాడి పేరు రాయాలా సార్?" అడిగింది ఆమె.

ఆయన కాగితం అటూ ఇటూ చూశాడు. "ఆ గడి ఈ ఫారంలో లేదు."

మామయ్య తన నాణేన్ని ముందుకు చాచాడు. "నాదే కరిగించండి బాబూ. దొంగిలించిందే కదా."

సూపరింటెండెంట్ చెయ్యి చాపాడు. ఆయన చేత్తో చూసినా అదే మునిగినది. ఆర్డరు రాసినవాడి చేత్తో చూసినా అదే. అంతా సవ్యంగా ఉంది. ఆమె ఊరుకుంటే పది నిమిషాల్లో గండం గట్టెక్కుతుంది.

"ఆగండి సార్," అంది. ఎందుకంటోందో ఆమెకే ఇంకా స్పష్టంగా లేదు. "పడవ తిరగబడిన దాన్ని కరిగించమన్నారు. ఎటు తిప్పి చూడాలో చెప్పలేదుగా."

"అంటే?"

"ఈ గది వస్తువుల్ని తనిఖీ చేసి రాయాల్సింది నేను. నా చేత్తో చూస్తే తిరగబడింది ఆ రెండోది."

"అమ్మాయ్, ఆ రెండోదే ఏభై ఏళ్ళుగా పెట్టెలో ఉన్నది! ఆమోదించినది!"

"అలాంటివి అవతల హాల్లో రోజుకి మూడు లక్షలు పడుతున్నాయి సార్. ఊళ్ళో ప్రతివాడి జేబులోనూ అదే ఉంది. ఇలాంటిది మాత్రం ఇదొక్కటే." మామయ్య అరచేతిలోని నాణెం వైపు చూపించింది. "పలక మీద ఏం చెక్కారు? మొదటి నాణెం, లోకంలో ఒక్కటే అని. పెట్టెలో ఉన్నది మొదటిది కూడా కాదు. శుక్రవారం అధ్యక్షుడి చేతిలో రెండోది పెట్టి మొదటిదని చెబుదామా?"

నిబంధనల పుస్తకంలో దీనికి పేజీ ఉందేమోనని సూపరింటెండెంట్ మనసులోనే తిరగేస్తున్నట్టు కళ్ళు పైకి పెట్టాడు. దొరికినట్టు లేదు.

"నువ్వు సంతకం పెడతావా?" అన్నాడు చివరికి. "రేపు ఎవడైనా పక్కకి తిప్పి అడిగితే, జవాబు నువ్వే చెప్పాలి."

"పెడతాను."

పెట్టింది. అక్షరాలు కుదురుగానే పడ్డాయి.

కొలిమి గదికి ముగ్గురూ కలిసి వెళ్ళారు. మూసలో వెయ్యబోయే ముందు ఆమె ఆ నాణేన్ని ఇంకోసారి పైనుంచి కిందికి తిప్పి చూసుకుంది. మునిగింది. సందేహం తీరక పక్కకి తిప్పింది. తేలింది. ఇంక తిప్పితే చెయ్యి రాదని తెలిసి వదిలేసింది. కంకి ముందు మెత్తబడింది. ఆ తర్వాత ఎటు చూసినా ఒకేలా ఉన్న వెండిరంగు బొట్టు మిగిలింది. మామయ్య చూడలేక గోడవైపు తిరిగాడు.

ఐదింటికి తూకం అక్క బండి తోసుకుంటూ వచ్చింది. ఆరో పెట్టె తూచింది. పొద్దుటి బరువు చూసుకుంది.

"సరిపోయింది," అంది ఆవలిస్తూ. "ఏంటి పెట్టెలమ్మా, మొహం అలా పీక్కుపోయింది? జ్వరమా?"

"ఏం లేదక్కా."

ఉద్యోగం నిలిచింది. పర్మనెంటు కాగితం సంగతి అడిగితే సూపరింటెండెంట్ "సోమవారం, సోమవారం" అంటూ, పెన్ను మూత తీసి, మళ్ళీ పెట్టేసి వెళ్ళిపోయాడు.

బస్టాపులో మామయ్య ఖాళీ క్యారేజీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

"ఏభై ఏళ్ళు ఆ ఆఫీసర్ని తిట్టుకున్నానే అమ్మాయీ," అన్నాడు కాసేపటికి. "పొద్దున లేస్తూనే ఒకసారి, పడుకోబోయే ముందు ఒకసారి. గుడ్డివాడనుకున్నాను. కావాలని అవమానించాడనుకున్నాను. ఆయన పోయాడని తెలిసిన రోజు కూడా వెళ్ళలేదు. ఇప్పుడు ఆయన తప్పూ లేదంటే, నా తప్పూ లేదంటే, నేనెవర్ని తిట్టుకోవాలి?"

ఎవరి తప్పూ లేకపోతే కోపం ఎటు పోతుందో ఆమెకూ తెలియదు.

బస్సు వచ్చింది. ఎక్కేందుకు ఆయనకి చెయ్యి అందించింది. మెట్టు మీద కాలు పెట్టి ఆయన ఆగిపోయాడు.

"ఇంతకీ శుక్రవారం ఆయన ఎటు తిప్పుతాడంటావ్?"

"తెలియదు మామయ్యా. ఎక్కండి, వెనక జనం ఉన్నారు."